ఫిల్టర్ మార్చిన తరువాత డీజిల్ లైనులో ఎయిర్ పడుతుంటే ఎక్కడ వెతకాలి, ఎలా ఆపాలి

మీరు రాసినదాని సారాంశం ఇది. రోటరీ పంపు (డీజిల్‌ను ఇంజన్‌లోకి చిమ్మే నాజిళ్లకు ఒత్తిడితో అందించే పాత రకం ఇంజెక్షన్ పంపు) ఉన్న మీ పాత డీజిల్ కారుకు నెల క్రితం ఫ్యూయల్ ఫిల్టర్ మార్పించారు. అప్పటి నుంచి ఉదయం పూట 20 సెకన్లపాటు సెల్ఫ్ కొడితే గానీ ఇంజన్ అందుకోవడం లేదు. ఫిల్టర్ మీది హ్యాండ్ పంపును గట్టిపడేదాకా నొక్కి సెల్ఫ్ కొడితే మాత్రం వెంటనే అందుకుంటోంది. పగలు గంటో రెండు గంటలో ఆపి తిరిగి స్టార్ట్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు. కారు కింద ఒక్క చుక్క డీజిల్ కూడా పడడం లేదు కాబట్టి లీకు లేదనీ, పంపు దించి ఓవరాలింగ్ చేయాలనీ మెకానిక్ అంటున్నారు. పంపు దించవలసిందేనా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే దించవద్దు. విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు, నాజిళ్ల పనిలో 27 ఏళ్లు గడిపిన వాడిగా చెబుతున్నాను: హ్యాండ్ పంపు నొక్కగానే ఇంజన్ అందుకుంటోందంటే, ఇంజెక్షన్ పంపు తన దగ్గరకు వచ్చిన డీజిల్‌ను సరైన ఒత్తిడితో నాజిళ్లకు పంపగలుగుతోందని అర్థం. రాత్రంతా నిలిచిన తరువాత ఆ డీజిల్ దాని దగ్గర ఉండడం లేదన్నదే ఇక్కడి సమస్య. లైనులోకి ఎక్కడో గాలి చొరబడుతోంది, ఆ గాలి చేరిన మేరకు డీజిల్ వెనక్కి జారి ట్యాంకులోకి పోతోంది. ఫిల్టర్ మార్చిన రోజు నుంచే ఇది మొదలైంది కాబట్టి, ఆ రోజు చెయ్యి పడిన అతుకులనే ముందుగా అనుమానించాలి.

డీజిల్ కారకుండా గాలి మాత్రం ఎలా లోపలికి వస్తుందన్న సందేహం మీ మెకానిక్‌కే కాదు, చాలామందికి ఉంది. పాత రోటరీ పంపు కార్లలో చాలావాటికి ట్యాంకులో పంపు ఉండదు. ఇంజెక్షన్ పంపు లోపల రెక్కలతో తిరిగే చిన్న వేన్ పంపే ట్యాంకు నుంచి ఫిల్టర్ గుండా డీజిల్‌ను పీల్చుకుంటుంది. అందువల్ల ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న లైను మొత్తం బయటి గాలి కన్నా తక్కువ ఒత్తిడిలో ఉంటుంది. ఇంజన్ ఆపిన తరువాత కూడా ఈ స్థితి పోదు. ట్యాంకులోని డీజిల్ మట్టం కన్నా ఫిల్టర్ అర మీటరు ఎత్తులో ఉందనుకుంటే, ఆ ఎత్తున నిలిచిన డీజిల్ తన బరువుతో కిందికి లాగే బలం సుమారు 0.04 బార్ (ఒక బార్ దాదాపు వాతావరణ పీడనమంత) ఉంటుంది. ఇది చాలా స్వల్పమే గానీ, రాత్రి పది పన్నెండు గంటలపాటు ఆగకుండా పనిచేస్తుంది. పైగా గాలి డీజిల్ కన్నా ఎంతో పలుచన. దాని స్నిగ్ధత (చిక్కదనం) డీజిల్ స్నిగ్ధతలో సుమారు నూరో వంతు మాత్రమే. డీజిల్ చెమ్మ కూడా బయటికి రాని సన్నని గీత గుండా గాలి సులువుగా లోపలికి దూరగలదు. చుక్క కారలేదు కాబట్టి లీకు లేదన్న మాట పీల్చే వైపు లైనుకు వర్తించదు.

ఆ గాలి ఇంజెక్షన్ పంపు దాకా చేరితే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. డీజిల్ దాదాపుగా నొక్కుకుపోని ద్రవం కాబట్టి పంపు ప్లంజర్ (డీజిల్‌ను నెట్టే కడ్డీ) కదిలిన వెంటనే ఆ కదలిక నాజిల్‌కు అందుతుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే ప్లంజర్ ముందు దాన్ని నొక్కడంతోనే సరిపెట్టుకుంటుంది, నాజిల్ తెరుచుకోవలసిన ఒత్తిడి రాదు. కామన్ రైల్ కార్లలో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ రైలు అనే ఒకే ఉమ్మడి పైపు నుంచి డీజిల్ అందే కార్లలో, ఆ రైలులో సాధారణంగా 150 నుంచి 250 బార్ దాకా ఒత్తిడి చేరితే గానీ కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు కాబట్టి, అక్కడ కొద్దిపాటి గాలి కూడా స్టార్టింగ్‌ను పూర్తిగా ఆపేయగలదు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది: రోటరీ పంపుకైనా, కామన్ రైల్ హై ప్రెషర్ పంపుకైనా లోపలి భాగాలకు నూనె డీజిలే. గాలి కలిసిన డీజిల్‌తో నెలల తరబడి తిప్పితే, ఇప్పుడు బాగున్న పంపు నిజంగానే అరిగిపోయి ఓవరాలింగ్‌కు వస్తుంది. అందుకే ఈ లీకును చిన్న విషయంగా తీసుకుని రోజూ హ్యాండ్ పంపు నొక్కుకుంటూ నెట్టుకురావద్దని కోరుతున్నాను.

ఇది చదివే ఇతరులు తమ కారు ఏ రకమో ముందు చూసుకోవాలి. ట్యాంకులోనే ఎలక్ట్రిక్ పంపు ఉన్న కార్లలో ఇంజన్ నడుస్తున్నప్పుడు ఫిల్టర్ దగ్గర బయటి కన్నా ఎక్కువ ఒత్తిడి ఉంటుంది కాబట్టి అక్కడి లీకు డీజిల్ రూపంలో బయటికి కనిపిస్తుంది. కామన్ రైల్ అయినంత మాత్రాన ట్యాంకులో పంపు తప్పక ఉంటుందని అనుకోకూడదు. బాష్ కంపెనీ సీపీ3 వంటి హై ప్రెషర్ పంపులు చాలావాటిలో గేర్ పంపు హై ప్రెషర్ పంపుకే అతికి ఉండి ట్యాంకు నుంచి పీల్చుకుంటుంది. అటువంటి కార్లకు ఇక్కడ చెప్పినవన్నీ వర్తిస్తాయి.

ఏ అతుకునైనా విప్పకముందు లీకు ఎక్కడుందో తేల్చుకోవాలి. గుడ్డిగా అన్నిటినీ బిగించడం మొదలుపెడితే బాగున్నవి కూడా పాడవుతాయి. ఇందుకు నేను నమ్మే పరికరం అర మీటరు పారదర్శక గొట్టం, రెండు క్లిప్పులు. ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్లే హోస్ స్థానంలో అదే లోపలి వ్యాసం ఉన్న పారదర్శక గొట్టాన్ని తాత్కాలికంగా బిగించి, ఎయిర్ తీసి (హ్యాండ్ పంపుతో లైనులోని గాలిని వదిలించి), ఇంజన్‌ను ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి చూడండి. గొట్టం బిగించేటప్పుడు లోపల చిక్కుకున్న గాలి మొదటి నిమిషంలో బుడగలుగా పోతుంది, దానికి కంగారు పడనక్కరలేదు. గొట్టం వంపులో పైన ఒక చిన్న బుడగ కదలకుండా నిలిచి ఉన్నా నష్టం లేదు. ఐదు నిమిషాల తరువాత కూడా సన్నని బుడగల వరుస ఆగకుండా వస్తుంటే, ఇంజన్ వేగం పెంచినప్పుడు ఆ వరుస చిక్కబడుతుంటే, అది లీకు. ఇప్పుడు అదే గొట్టాన్ని ఫిల్టర్‌కు ముందు, అంటే ట్యాంకు నుంచి వచ్చే లైను ఫిల్టర్‌ను చేరే చోట పెట్టండి. అక్కడ డీజిల్ నిర్మలంగా ఉండి ఫిల్టర్ తరువాతే బుడగలు కనిపిస్తే తప్పు ఫిల్టర్‌లోనో దాని అతుకుల్లోనో ఉంది. ఫిల్టర్‌కు ముందే బుడగలుంటే వెతకవలసింది ట్యాంకు వైపు: కారు కింద పోయే పైపు, మధ్యలోని రబ్బరు ముక్కలు, ట్యాంకు మీది అతుకు. కాకినాడ, విశాఖ వంటి సముద్రతీర ఊళ్లలో తిరిగే కార్లకు కింది ఇనుప పైపు క్లాంపుల దగ్గర తుప్పు తిని సూదిమొనంత రంధ్రాలు పడడం చూశాను.

ఇంజన్ నడిచేటప్పుడు బుడగలు లేకుండా ఉదయం మాత్రమే ఇబ్బంది ఉంటే, సాయంత్రం ఇంజన్ ఆపేముందు ఆ పారదర్శక గొట్టంలో డీజిల్ నిండుగా ఉందో లేదో చూసి, ఉదయం సెల్ఫ్ కొట్టకముందే తిరిగి చూడండి. మీ హ్యాండ్ పంపు కూడా ఒక సాక్షే. రాత్రి గట్టిగా ఉన్నది ఉదయానికి మెత్తబడి, నాలుగైదు సార్లు నొక్కితే గానీ గట్టిపడకపోతే డీజిల్ వెనక్కి జారిందన్నమాట. ఒక రాత్రి కారును ముందు భాగం పల్లానికి ఉండేలా, మరో రాత్రి ఎత్తుకు ఉండేలా నిలిపి చూసినా తేడా తెలుస్తుంది. ట్యాంకు వెనుక ఉన్న కారులో ముందు భాగం ఎత్తుగా ఉన్నప్పుడు డీజిల్ మరింత సులువుగా వెనక్కి జారుతుంది.

పంపు మీద అనుమానం పూర్తిగా తీరాలంటే, ఒక శుభ్రమైన డబ్బాలో రెండు లీటర్ల డీజిల్ పోసి, ట్యాంకు, ఫిల్టర్ రెండింటినీ తప్పించి, కొత్త హోస్‌తో నేరుగా పంపుకు ఇచ్చి చూడవచ్చు. ఆ డీజిల్‌ను సన్నని వల గుండా వడకట్టడం తప్పనిసరి. డబ్బాను పంపు కన్నా కొంచెం కింద ఉంచాలి, పైన ఉంచితే డీజిల్ తన బరువుతోనే దిగి లీకును దాచేస్తుంది. రిటర్న్ పైపు యథాతథంగా ట్యాంకుకే పోనివ్వండి. రాత్రి అలా వదిలి ఉదయం వెంటనే అందుకుంటే పంపు షాఫ్ట్ సీలు, పంపు లోపలి భాగాలు బాగున్నట్టే. ఇది కారు కదలకుండా చేసే పరీక్ష మాత్రమే, అలా కట్టుకుని రోడ్డు మీదకు పోకూడదు.

ఇక ఫిల్టర్ అతుకుల విషయం. మీ కారులో ఉన్నది మర తిప్పి బిగించే డబ్బా రకం ఫిల్టర్ కాబట్టి మొదట చూడవలసింది పై ప్యాకింగ్. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు ప్యాకింగ్ ఒక్కోసారి ఫిల్టర్ హెడ్‌కే (డబ్బా బిగించే పైభాగానికే) అతుక్కుని ఉండిపోతుంది. చీకటిగా ఉన్న చోట అది హెడ్‌లో భాగంలాగే కనిపిస్తుంది. దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి నిలిచి, ఆ రోజుకు సరిగానే ఉన్నట్టనిపించి, వేడికీ అదురుకూ ఒకటి పక్కకు జారుతుంది. హెడ్ అడుగును గుడ్డతో తుడిచి వేలితో చుట్టూ తడిమి చూడడానికి అర నిమిషం చాలు. కొత్త ప్యాకింగ్‌కు శుభ్రమైన డీజిల్ రాసి, ప్యాకింగ్ హెడ్‌ను తాకిన తరువాత చేత్తో మరో ముప్పాతిక చుట్టు తిప్పితే సాధారణంగా సరిపోతుంది. ఫిల్టర్ డబ్బా మీద వేరుగా రాసి ఉంటే దాన్నే పాటించాలి. పట్టీ పానా విప్పడానికే గానీ బిగించడానికి కాదు.

తరువాతిది, నా అనుభవంలో అందరూ మరచిపోయేది, అడుగున నీళ్లు వదిలే డ్రెయిన్ స్క్రూ. చాలా ఫిల్టర్లకు ఈ స్క్రూను గానీ, నీటి సెన్సార్‌ను గానీ పాత డబ్బా నుంచి విప్పి కొత్తదానికి మార్చుకోవాలి. దాని మీది ఓరింగు (గుండ్రని రబ్బరు సీలు) పాతదే ఉండిపోతుంది. ఒకసారి మా దగ్గరకు వచ్చిన కారుకు అంతకుముందు రెండు చోట్ల పంపు విప్పి బిగించారు, యజమాని అప్పటికే పెద్ద మొత్తం ఖర్చు పెట్టుకుని ఉన్నారు. పారదర్శక గొట్టం పెడితే బుడగలు ఫిల్టర్ తరువాతే వస్తున్నాయి. డ్రెయిన్ స్క్రూ విప్పి చూస్తే ఓరింగు ప్లాస్టిక్ ముక్కలా బిరుసెక్కి ఒక పక్క పగిలి ఉంది. ఫిల్టర్‌తో పాటు వచ్చిన కొత్త ఓరింగు ఆ అట్టపెట్టెలోనే ఉండిపోయిందని తరువాత ఆయనే డిక్కీలో వెతికి చూపించారు. మీ ఫిల్టర్ పెట్టె ఇంకా పారేయకపోతే ముందు అది విప్పి చూడండి.

ఓరింగు ఎలా పనిచేస్తుందో అర్థమైతే దాన్ని ఎందుకు మార్చాలో ఒకరు చెప్పనక్కరలేదు. గాడిలో కూర్చున్నప్పుడు రబ్బరు తన మందంలో సుమారు 15 నుంచి 25 శాతం దాకా నొక్కుకుని, తిరిగి పూర్వరూపానికి రావాలని తోస్తూ ఉంటుంది. ఆ తోపుడే గాలిని ఆపుతుంది. సంవత్సరాల వేడికి రబ్బరు ఆ నొక్కుడులోనే బిగుసుకుపోయి తిరిగి ఉబ్బే గుణాన్ని కోల్పోతుంది. బయటికి తీసిన ఓరింగును వేళ్ల మధ్య దొర్లించి చూడండి. గుండ్రంగా కాక రెండు వైపులా చదునుగా తగిలితే దాని ఆయుష్షు తీరినట్టే. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఎండాకాలంలో ఎండలో నిలిపిన కారు బానెట్ కింద ఈ రబ్బరు పడే బాధ తక్కువది కాదు. ఎంత పైపైన బాగున్నట్టు కనిపించినా, విప్పిన ప్రతిసారీ ఓరింగు మార్చడమే సరైన పద్ధతి.

కొత్తది కొనేటప్పుడు కొలతతో పాటు రబ్బరు రకం కూడా అడగాలి. డీజిల్‌కు నైట్రైల్ గానీ, అంతకన్నా వేడిని తట్టుకునే వైటాన్ గానీ కావాలి. బ్రేకు భాగాల్లో, నీళ్ల కుళాయిల్లో వాడే ఈపీడీఎం రబ్బరు చూడడానికి అచ్చం ఇలాగే నల్లగా ఉంటుంది గానీ డీజిల్‌లో నానితే ఉబ్బి మెత్తబడి ఆకారం కోల్పోతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో కొలత సరిపోయిందని తెచ్చిన ఓరింగు కొన్ని రోజులకే పాడైపోవడానికి తరచుగా ఇదే కారణం. వైటాన్‌కు ధర కొంచెం ఎక్కువైనా, నేను మా ఇంటి కారుకు అదే వాడతాను. బిగించేముందు ఓరింగుకు శుభ్రమైన డీజిల్ పూయాలి. పొడిగా తోస్తే అది గాడిలో మెలిపడి అంచు కోసుకుపోతుంది.

పాత కార్ల విషయంలో ఇంధనం మార్పును కూడా గుర్తుంచుకోవాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4 (వాహన కాలుష్య ప్రమాణం) డీజిల్, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 డీజిల్ వచ్చాయి. గంధకం 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) నుంచి 10 పీపీఎంకు తగ్గింది. గంధకాన్ని తీసే శుద్ధిలో డీజిల్‌లోని ఆరోమాటిక్ పదార్థాలు (ఒక రకం హైడ్రోకార్బన్లు) కూడా కొంత తగ్గగలవు. ఆ పదార్థాలే నైట్రైల్ రబ్బరును కొద్దిగా ఉబ్బించి ఉంచేవి. ఏళ్ల తరబడి పాత డీజిల్‌లో ఉబ్బి, వేడికి గట్టిపడిన రబ్బరు, ఆరోమాటిక్‌లు తక్కువున్న డీజిల్ తగిలినప్పుడు కుంచించుకుపోతుంది. కొత్త రబ్బరుకు ఈ ఇబ్బంది ఉండదు. కాబట్టి ఇది కొత్త డీజిల్‌లో లోపం కాదు, పాత సీళ్లను ఇకనైనా మార్చుకోవాలనడానికి మరొక కారణం మాత్రమే.

బ్యాంజో బోల్టులతో (లోపలి రంధ్రం గుండా డీజిల్‌ను పోనిచ్చే బోల్టులతో) పైపులు బిగించే ఫిల్టర్ హెడ్లలో సీలు చేసేవి మరలు కావు, బోల్టుకు అటూ ఇటూ ఉండే రెండు వాషర్లు. రాగి వాషర్ ఒకసారి బిగిస్తే ఆ ముఖానికి అనుగుణంగా ఒదిగి గట్టిపడుతుంది. విప్పి తిరగేసి బిగిస్తే గట్టిపడిన రాగి మళ్లీ ఒదగదు. కొత్తవి వేయడమే ఉత్తమం. దొరకని పరిస్థితిలో పాత రాగి వాషర్‌ను మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచి, పైన పట్టిన నల్లని పొరను తుడిచి వాడవచ్చు. ఇనుములా కాకుండా రాగి అలా చల్లార్చినా మెత్తగానే ఉంటుంది. అల్యూమినియం వాషర్లకు ఈ పని చేయకూడదు, వాటిని మార్చవలసిందే. వాషర్ కూర్చునే ముఖాల మీద అడ్డంగా గీత ఉంటే ఎంత బిగించినా ప్రయోజనం లేదు. గాజు పలక మీద సన్నని ఎమెరీ కాగితం పరిచి బ్యాంజో కన్నును (పైపు చివరి ఉంగరాన్ని) చదునుగా రుద్ది గీత పోగొట్టాలి, తరువాత డీజిల్‌తో కడగాలి. బిగించేటప్పుడు హెడ్‌ను ఒక చేత్తో పట్టుకుని, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. హెడ్ సాధారణంగా అల్యూమినియం కాబట్టి, లీకు ఆగడం లేదని మరో పావు చుట్టు, మరో పావు చుట్టు అంటూ పోతే మరలు తెగి హెడ్ మొత్తం మార్చవలసి వస్తుంది.

రబ్బరు హోస్‌తో పోయే అతుకు చూడడానికి సులువైనదే గానీ, ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. పాత హోస్ నిపుల్‌కు (హోస్ తొడిగే గొట్టపు మొనకు) అతుక్కుని రానప్పుడు చాలామంది దాన్ని బ్లేడుతో పొడవునా కోసి లాగుతారు. ఆ బ్లేడు మొన నిపుల్ మీద పొడవునా ఒక గీత మిగులుస్తుంది. అడ్డంగా పడిన గీత వల్ల పెద్ద ప్రమాదం లేదు, కానీ పొడవునా పడిన గీత గాలికి తెరిచిన దారి. దాని మీద ఎంత మంచి హోస్, ఎంత మంచి క్లిప్పు వేసినా ఆ గీతలోకి రబ్బరు పూర్తిగా దిగదు. హోస్‌ను మొదట మెల్లగా చుట్టూ తిప్పి అతుకు విడిపించి, తరువాత లాగాలి. కోయక తప్పకపోతే బ్లేడును రబ్బరు సగం మందం దాకానే దించి మిగిలినది చేత్తో చీల్చాలి. ప్లాస్టిక్ నిపుల్ అయితే బ్లేడు దగ్గరకు తేవద్దు.

కొత్త హోస్ లోపలి వ్యాసం నిపుల్‌కు సరిగ్గా సరిపోవాలి. 8 మిల్లీమీటర్ల నిపుల్‌కు 10 మిల్లీమీటర్ల హోస్ వేసి క్లిప్పుతో ముడుచుకునేలా బిగిస్తే, ముడత పడిన చోట సన్నని సొరంగం మిగులుతుంది. క్లిప్పుల్లో కూడా తేడా ఉంది. స్క్రూ తిప్పితే పట్టీ గాళ్లలో జరిగే మామూలు క్లిప్పు పెద్ద రేడియేటర్ హోస్‌కు మంచిదే గానీ, 12 మిల్లీమీటర్ల లోపు సన్నని హోస్ మీద గుండ్రంగా కూర్చోదు. స్క్రూ కింద ఒక చదును మిగులుతుంది, పట్టీ గాళ్లు రబ్బరును కోస్తాయి. చుట్టూ సమానంగా నొక్కే, అంచులు వెనక్కి మడిచిన సన్నని ఫ్యూయల్ క్లిప్పులు అడిగి తీసుకోండి. కారుతో వచ్చిన స్ప్రింగ్ క్లిప్పు బలం తగ్గకుండా ఉంటే అది కూడా మంచిదే, ఎందుకంటే రబ్బరు వేడికి పెరిగినా చలికి తగ్గినా దాని పట్టు దానితో పాటు సర్దుకుంటుంది. క్లిప్పు స్థానం నిపుల్ ఉబ్బు మీద కాదు, దాని వెనుక, హోస్ చివర నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి. బట్ట అల్లిక ఉన్న హోస్ అయితే పగుళ్లు పైకి కనిపించవు. వేళ్లతో వంచినప్పుడు లోపల కరకరలాడితే మార్చేయండి.

ఈ మధ్య కార్లలో ఉన్న క్లిక్ అని కూర్చునే ప్లాస్టిక్ కనెక్టర్లకు లోపలే ఓరింగులు ఉంటాయి. విప్పేముందు చుట్టూ ఉన్న దుమ్మును బ్రష్‌తో, డీజిల్‌తో కడిగేయాలి. లాక్ నొక్కేముందు కనెక్టర్‌ను ఒకసారి ఫిల్టర్ వైపుకే తోస్తే పట్టు వదులవుతుంది; అప్పుడు లాక్ నొక్కి నిటారుగా వెనక్కి లాగాలి. స్క్రూడ్రైవర్ దూర్చి పక్కకు ఎత్తితే ఫిల్టర్ నిపుల్ వేరు దగ్గర కంటికి కనిపించని పగులు వస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు నిపుల్‌కు డీజిల్ రాసి, క్లిక్ శబ్దం వచ్చేదాకా తోసి, ఒకసారి వెనక్కి లాగి చూసుకోవాలి. ఇలాంటి అతుకుకే మరొక ఉదాహరణ, మన దేశంలో తొలి తరం స్కోడా ఆక్టేవియాలో వచ్చిన 1.9 టీడీఐ ఇంజన్. దాని ఫిల్టర్ పైన క్లిప్పుతో నిలిచే టీ ఆకారపు ప్లాస్టిక్ వాల్వు, దానికి రెండు ఓరింగులు ఉంటాయి. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ ఆ వాల్వును కదల్చవలసిందే కాబట్టి, ఆ రెండు ఓరింగులు మార్చకపోతే గాలి పట్టడం అక్కడే మొదలవుతుంది.

అతుకు బాగున్నా దాని మీద పడే లాగుడు దాన్ని పాడుచేయగలదు. హోస్ పొట్టిదై పక్కకు లాగుతుంటే, లేదా ఫిల్టర్ బ్రాకెట్ బోల్టు వదులై ఫిల్టర్ అదురుతుంటే, ఏ ఓరింగూ ఎక్కువ కాలం నిలవదు. నాజిళ్ల నుంచి మిగులు డీజిల్‌ను వెనక్కి తెచ్చే సన్నని రిటర్న్ గొట్టాలను కూడా చూడండి. వాటి పగుళ్ల గుండా దూరిన గాలి ఇంజన్ ఆగి ఉన్నప్పుడు లైనును ఖాళీ చేయగలదు. ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా, ట్యాంకులోని జల్లెడ చెత్తతో నిండినా పంపు మరింత బలంగా పీల్చవలసి వస్తుంది. అప్పటిదాకా నిలిచిన అతుకు కూడా ఆ బలానికి గాలిని లోపలికి రానిస్తుంది.

లీకు దొరకనప్పుడు పూసే పూతల గురించి గట్టిగానే చెప్పదలిచాను. ఎం-సీల్ పూసిన అతుకును తరువాత విప్పలేరు, ప్లాస్టిక్ నిపుల్ దానితోనే ఊడివస్తుంది. బ్యాంజో మరలకు టెఫ్లాన్ టేపు చుట్టడం నిష్ప్రయోజనమే కాక ప్రమాదకరం. ఫిల్టర్ తరువాతి వైపు అతుకు నుంచి ఊడిన టేపు పోగును ఆపేది ఏదీ లేదు, అది నేరుగా పంపులోకి పోతుంది. లైను మధ్యలో వన్ వే వాల్వు పెడితే ఉదయం స్టార్టింగ్ బాగుపడవచ్చు గానీ, నడిచేటప్పుడు గాలి చొరబడుతూనే ఉంటుంది, మీకు తెలియడం మాత్రం ఆగిపోతుంది. పీల్చే లైనుకు ఎలక్ట్రిక్ పంపు తగిలించడం అంతకన్నా చెడ్డది. లోపలికి వచ్చే గాలి స్థానంలో వేడి ఇంజన్ మీదకు డీజిల్ చిమ్మే అవకాశం వస్తుంది, రోటరీ పంపు లోపలి ఒత్తిడి మారి టైమింగ్ కూడా దెబ్బతినవచ్చు.

బిగింపు పూర్తయ్యాక ఎయిర్ తీయడంలో ఒక జాగ్రత్త ఉంది. కొత్త ఫిల్టర్‌లో డీజిల్ పోసి బిగించే అలవాటు మనవాళ్లకు ఉంది. డబ్బా మధ్యలోని పెద్ద రంధ్రం సాధారణంగా వడకట్టిన డీజిల్ బయటికి పోయే దారి. అందులో పోసినది వడకట్టకుండానే పంపుకు చేరుతుంది. పోయవలసి వస్తే చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోనే పోయాలి. కామన్ రైల్ కార్లకు అసలు పోయకుండా, హ్యాండ్ పంపుతో గానీ, తాళం ఆన్ చేసి ట్యాంకు పంపును నాలుగైదు సార్లు నడిపించి గానీ నింపాలి. హ్యాండ్ పంపు నొక్కుతూ బ్లీడ్ స్క్రూ (గాలిని బయటికి వదిలే స్క్రూ) దగ్గర నురగ పోయి నిండు డీజిల్ వచ్చాక స్క్రూ బిగించండి. సెల్ఫ్ ఒక విడతకు 10 సెకన్లు మించకుండా కొట్టి, మధ్యలో నిమిషం ఆపండి. స్టార్టింగ్ స్ప్రే వాడవద్దు, స్టార్టింగ్ కోసం ఇంజన్ లోపల వేడెక్కే గ్లో ప్లగ్గుల మీద అది పేలుతుంది. కామన్ రైల్ కార్లలో పంపు నుంచి ఇంజెక్టర్ల దాకా ఉన్న ఇనుప పైపుల నట్లను ఇంజన్ నడుస్తుండగా ఎన్నడూ వదులు చేయకూడదు. అక్కడ వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడి ఉండవచ్చు, సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

మీ విషయానికి వస్తే, ఈ సాయంత్రం ఫిల్టర్ విప్పి హెడ్‌కు పాత ప్యాకింగ్ అతుక్కుని ఉందేమో చూడండి, డ్రెయిన్ స్క్రూ ఓరింగు, బ్లీడ్ స్క్రూ వాషర్ మార్చండి, ఆ రోజు విప్పిన హోసులకు కొత్త క్లిప్పులు వేయండి. ఎయిర్ తీశాక అతుకులన్నీ పొడిగా తుడిచి, వాటి మీద కొద్దిగా ముఖానికి రాసుకునే పౌడరు చల్లి హ్యాండ్ పంపును గట్టిగా నొక్కి పట్టండి. ఎక్కడ చెమ్మ ఉన్నా పౌడరు మీద మచ్చ కనిపిస్తుంది. ఫిల్టర్, పంపుల మధ్య పారదర్శక గొట్టాన్ని మూడు రోజులు ఉంచి, ప్రతి ఉదయం సెల్ఫ్ కొట్టకముందు చూడండి. గొట్టం మూడు ఉదయాలూ నిండుగా ఉంటే దాన్ని తీసేసి సరైన ఫ్యూయల్ హోస్ బిగించండి, ఎందుకంటే ఆ ప్లాస్టిక్ డీజిల్‌కు కొన్ని వారాల్లో గట్టిపడి పగులుతుంది. గొట్టం నిండుగా ఉండి కూడా ఇంజన్ అందుకోకపోతే అప్పుడు గ్లో ప్లగ్గులు, ఆ తరువాత పంపు చూడాలి. హ్యాండ్ పంపు నొక్కినప్పుడు దాని కాడ చుట్టూ చెమ్మ వస్తే లీకు ఆ హ్యాండ్ పంపులోనే ఉంది, దాన్ని విడిగా మార్చుకోవచ్చు. ఏ అతుకు దగ్గర మచ్చ పడిందో, ఉదయం గొట్టంలో డీజిల్ ఎంత మట్టం దిగిందో రాయండి, తరువాతి అడుగు దాన్ని బట్టి చెబుతాను.